మెక్‌గిల్ ఫుట్‌బాల్ జట్టు చరిత్ర: అమెరికాకు ఆట నేర్పింది నిజంగా వీళ్లేనా?

మాంట్రియల్_మురళి:
అందరికీ నమస్కారం. మా ల్యాబ్‌లో ఒక కెనడా అబ్బాయి ఉన్నాడు. "ఇవాళ అమెరికా వాళ్లు ఆడే ఫుట్‌బాల్ 1874లో మాంట్రియల్ నుంచి మా మెక్‌గిల్ యూనివర్సిటీ కుర్రాళ్లు వెళ్లి నేర్పిందే" అని ఒకటే గొప్పలు. ఒకసారి మ్యాచ్‌కి తీసుకెళ్తానని కూడా అన్నాడు. నేను వెతికి చూస్తే రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీలు 1869లోనే ఆడాయని కనిపించింది. ఇందులో ఎవరి మాట నిజం? ఇంకో సందేహం. అంత గొప్ప జట్టయితే, కప్పుల మాట రాగానే ఇక్కడ అందరూ క్యూబెక్ సిటీలోని లావల్ యూనివర్సిటీ పేరే ఎందుకు చెబుతారు? ఆట గురించి నాకు ఓనమాలు రావు. అర్థమయ్యేలా చెప్పండి.

శాస్త్రి_టొరంటో:
మురళి గారూ, ఇద్దరి మాటా నిజమే. కాకపోతే వాళ్లు చెబుతున్నది రెండు వేర్వేరు ఆటల గురించి.

1869 నవంబర్ 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ ఆడినప్పుడు ఒక్కో వైపు 25 మంది. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తకూడదు. చూస్తే సాకర్‌కే (మన దగ్గర ఫుట్‌బాల్ అనే ఆటకే) దగ్గర. యేల్, కొలంబియా కూడా ఆ దారిలోనే నడిచాయి. హార్వర్డ్ వాళ్లకి మాత్రం 'బోస్టన్ గేమ్' అని సొంత ఆట ఉండేది. అందులో బంతి చేత పట్టుకోవచ్చు, ఎవరైనా వెంటపడితే పరిగెత్తొచ్చు. 1873లో మిగతా కాలేజీలు న్యూయార్క్‌లో కూర్చుని ఉమ్మడి నియమాలు రాసుకుంటుంటే హార్వర్డ్ ఆ సమావేశానికి వెళ్లనే లేదు. పట్టుదల నిలబడింది కానీ ఆడటానికి ఎదుటి జట్టు లేకుండా పోయింది.

అలాంటి సమయంలో మెక్‌గిల్ కెప్టెన్ డేవిడ్ రాడ్జర్‌కీ హార్వర్డ్‌కీ మధ్య ఉత్తరాలు నడిచాయి. 1874 మే 14, 15 తేదీల్లో హార్వర్డ్ ఉన్న అమెరికా ఊరు కేంబ్రిడ్జ్‌లోని జార్విస్ ఫీల్డ్‌లో రెండు మ్యాచ్‌లు ఖాయమయ్యాయి. మొదటి రోజు హార్వర్డ్ నియమాలు, గుండ్రటి బంతి. హార్వర్డ్ 3-0తో గెలిచింది. రెండో రోజు మెక్‌గిల్ వాళ్ల రగ్బీ నియమాలు, కోడిగుడ్డు ఆకారం బంతి. 0-0తో తేలిపోయింది.

చరిత్రని మార్చింది ఒక్క పాయింటూ రాని ఆ రెండో మ్యాచే. బంతి పట్టుకుని పరిగెత్తడం, ఎదుటివాణ్ణి పట్టి పడగొట్టడం హార్వర్డ్ కుర్రాళ్లకి తెగ నచ్చేసింది. తమ ఆటని పక్కన పెట్టి రగ్బీ పట్టుకున్నారు. అదే ఏడాది అక్టోబర్‌లో మాంట్రియల్ వచ్చి, మెక్‌గిల్ నియమాలతోనే మెక్‌గిల్‌ని ఓడించారు. 1875లో యేల్‌ని కూడా ఈ ఆటలోకి లాగారు. 1876లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా కలిసి రగ్బీ తరహా నియమాలు ఒప్పుకున్నాయి. ఆ తర్వాత యేల్‌కి చెందిన వాల్టర్ క్యాంప్ ఒక్కొక్క నియమమే మారుస్తూ ఇవాళ్టి రూపానికి తెచ్చాడు.

నన్నడిగితే, ఆటని పుట్టించింది ఇంగ్లండ్, సరిహద్దు దాటించింది మెక్‌గిల్, మార్చి తనది చేసుకుంది అమెరికా. మీ ల్యాబ్ అబ్బాయి మధ్య ముక్క ఒక్కటే చెబుతున్నాడు.

ఓంగోలు_గిత్త:
అంటే గురువుని శిష్యుడు అయిదు నెలలకే ఓడించేశాడు. మెక్‌గిల్ కష్టాలు ఇవాళ మొదలైనవి కావన్నమాట 😄

శాస్త్రి_టొరంటో:
అదే అక్కడి తమాషా. స్ప్రింగ్‌ఫీల్డ్ అన్నాను కాబట్టి ఇంకో సంగతి. 1891లో అదే ఊళ్లో బాస్కెట్‌బాల్ కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ మెక్‌గిల్ విద్యార్థే. 1887లో అక్కడ డిగ్రీ తీసుకున్నాడు, చదువుకునే రోజుల్లో అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆడాడు. ఒక్క కాలేజీ మైదానం నుంచి అమెరికా వాళ్ల రెండు పెద్ద ఆటలకి దారి పడింది.

మాంట్రియల్_మురళి:
నైస్మిత్ సంగతి వాడు కూడా చెప్పలేదు, రేపు నేనే చెబుతాను. మరి కెనడా ఫుట్‌బాల్‌కీ అమెరికా ఫుట్‌బాల్‌కీ తేడా ఏంటి? టీవీలో చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి.

అనిత_కాల్గరీ:
పైకి ఒకేలా ఉంటాయి, లోపల చాలా తేడా మురళి గారూ. ముఖ్యమైన తేడా ఒక్కటి పట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. బంతి ఉన్న జట్టు పది గజాలు ముందుకి వెళ్లాలి. అందుకు అమెరికాలో నాలుగు అవకాశాలు, కెనడాలో మూడే. ఈ అవకాశాన్నే డౌన్ అంటారు. రెండు డౌన్లలో పది గజాలు రాకపోతే మూడోది కబడ్డీలో డూ ఆర్ డై రైడ్ లాంటిది. అక్కడ తెగించి ఓడితే బంతి ఎదుటివాళ్లది. అందుకే చాలాసార్లు మూడో డౌన్‌లో బంతిని దూరంగా తన్నేస్తారు.

అవకాశాలు తక్కువ కాబట్టి నేలమీద రెండేసి గజాలు నెట్టుకుంటూ పోతే పని జరగదు. బంతి గాల్లో విసరాల్సిందే. మైదానం కూడా పెద్దది: 110 గజాల పొడవు, 65 గజాల వెడల్పు (అమెరికాలో 100 గజాలు, 53 చిల్లర). జట్టుకి పదకొండు మంది కాదు, పన్నెండు మంది.

ఈ మూడు డౌన్లు, పన్నెండు మంది పద్ధతి కూడా యూనివర్సిటీ మైదానం నుంచే వచ్చింది. టొరంటో యూనివర్సిటీ కెప్టెన్ థ్రిఫ్ట్ బర్న్‌సైడ్ పేరు మీద 1903లో ఒంటారియోలో కొత్త నియమాలు వచ్చాయి. రగ్బీలా పదిహేను మంది గుంపుగా తోసుకోవడం పోయి, పన్నెండు మందితో ఎత్తుకి పైఎత్తు వేసే ఆటగా మారింది. దేశమంతా ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది.

నాకు బాగా నచ్చేది 'రూజ్'. తన్నిన బంతి ఎదుటివాళ్ల గోల్ ఏరియాలో పడి, వాళ్లు దాన్ని బయటికి తేలేకపోతే తన్నిన జట్టుకి ఒక పాయింట్. అమెరికా వాళ్లు దీన్ని చూసి నవ్వుతారు. కానీ ఆఖరి నిమిషంలో స్కోరు సమానంగా ఉన్నప్పుడు ఈ ఒక్క పాయింట్ పెట్టే టెన్షన్ చూడాలి!

వేణు_వరంగల్:
అక్కా, ఒక్క పాయింట్‌తో పెద్ద మ్యాచ్ ఎప్పుడైనా తేలిందా?

సుధ_క్యూబెక్‌సిటీ:
తేలడం వేరు, 2004 వానియర్ కప్ ఫైనల్ స్కోరు చూడండి వేణు గారూ: మా లావల్ 7, సస్కాచెవాన్ 1. ఫుట్‌బాల్ ఫైనల్లో ఒక జట్టు మొత్తం స్కోరు ఒకటి!

తెలియనివాళ్ల కోసం: వానియర్ కప్ అంటే కెనడా యూనివర్సిటీల జాతీయ ఫైనల్, 1965లో మొదలైంది. మురళి గారి రెండో ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. లావల్ యూనివర్సిటీ జట్టు రూజ్ ఎ ఓర్ (ఫ్రెంచ్‌లో 'ఎరుపు, బంగారం', ఆ ఒక్క పాయింట్ రూజ్‌తో సంబంధం లేదు) మొదటి సీజన్ ఆడింది 1996లో. మొదటి కప్పు 1999లో. 2024 వరకు లెక్కిస్తే మొత్తం 12 కప్పులు. ఇంకెవరికీ అన్ని లేవు. రెండో స్థానంలో ఉన్న వెస్టర్న్‌కి 8. 1874 నుంచి ఆడుతున్న మెక్‌గిల్‌కి? ఒక్కటి. అది కూడా 1987లో.

ఏమీ అనుకోవద్దు శాస్త్రి గారూ, మా తాతలు నేతులు తాగారు మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది మెక్‌గిల్ వాళ్ల వరస.

శాస్త్రి_టొరంటో:
అమ్మా సుధా, ఆ ఒక్క కప్పు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి కదా. 1987 ఫైనల్ టొరంటోలోని వర్సిటీ స్టేడియంలో జరిగింది. ఎదుట బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ. మెక్‌గిల్ 47-11తో చితక్కొట్టింది. మైకెల్ సోల్స్ అనే ఫుల్‌బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు) ఆ ఒక్క మ్యాచ్‌లోనే 200 గజాలకు పైగా పరిగెత్తాడు. కోచ్ చార్లీ బెయిలీ 1970ల మొదటి నుంచీ ఆ జట్టుతోనే ఉన్నాడు. 1969లో మానిటోబా చేతిలో, 1973లో సెయింట్ మేరీస్ చేతిలో ఫైనల్ దాకా వచ్చి ఓడిన జట్టు అది. సోల్స్ తర్వాత ప్రొఫెషనల్‌గా ఎడ్మంటన్‌కి, మాంట్రియల్‌కి ఆడాడు. నడివయసులో ఏఎల్ఎస్ అనే, కండరాలు చచ్చుబడే నరాల జబ్బు వచ్చింది. చాలా ఏళ్లు దాంతో పోరాడి 2021లో పోయాడు.

పాత జట్లు వెనకబడటం మెక్‌గిల్ ఒక్కదాని కథ కూడా కాదు. మా టొరంటో యూనివర్సిటీనే తీసుకోండి. 1909లో మొట్టమొదటి గ్రే కప్ గెలిచింది. ఇవాళ ప్రొఫెషనల్ జట్లు కొట్టుకునే ఆ కప్పుని అప్పట్లో కాలేజీ కుర్రాళ్లే ఎత్తారు. 1965లో మొట్టమొదటి వానియర్ కప్ కూడా మాదే. అలాంటి జట్టు 2001 నుంచి వరసగా 49 మ్యాచ్‌లు ఓడింది. 2008లో వాటర్లూ మీద 18-17తో ఒక్క పాయింట్ తేడాతో గెలిచి ఆ శని వదిలించుకుంది. ఈ రోజుల్లో పేరుని చూసి ఎవరూ భయపడరు.

సుధ_క్యూబెక్‌సిటీ:
అది ఒప్పుకుంటాను. ఇక లావల్ ఎందుకు గెలుస్తుందో చెబుతాను, ఎందుకంటే చాలామంది 'డబ్బులండీ' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. డబ్బు ఉంది నిజమే. జట్టు వెనక యూనివర్సిటీ బడ్జెట్ ఒక్కటే లేదు, జాక్ టాంగే లాంటి స్థానిక వ్యాపారులు మొదటి నుంచీ నిలబడ్డారు. కానీ సమయం కూడా కలిసొచ్చింది. 1995లో క్యూబెక్ సిటీ హాకీ జట్టు నోర్డిక్స్ కొలరాడోకి వెళ్లిపోయింది. ఊరంతా నిరాశలో ఉంది, మనది అని చెప్పుకోవడానికి పెద్ద జట్టు ఏదీ లేదు. మరుసటి ఏడాదే ఫుట్‌బాల్ వచ్చింది. మ్యాచ్ రోజు పార్కింగ్‌లో పొద్దున్నుంచే గ్రిల్లులు వెలుగుతాయి, పదివేల పైన జనం వస్తారు. కెనడాలో ఇంకే యూనివర్సిటీకీ ఈ జనం రారు.

మూడోది భాష. అంతకు ముందు ఫ్రెంచ్ మాట్లాడే కుర్రాడు యూనివర్సిటీ స్థాయిలో ఆడాలంటే మెక్‌గిల్, కాంకార్డియా, బిషప్స్ లాంటి ఇంగ్లిష్ కాలేజీలకే వెళ్లాలి. లావల్ వచ్చాక, 2002లో మాంట్రియల్ యూనివర్సిటీ జట్టు కారబాన్స్, 2003లో షెర్‌బ్రూక్ వచ్చాక వాళ్లందరికీ సొంత భాషలో చదువుతూ ఆడే చోటు దొరికింది. క్యూబెక్‌లో పదకొండో తరగతి అయ్యాక సెజెప్ అనే కాలేజీలో చదువుతారు. ఆ కాలేజీలకే గట్టి ఫుట్‌బాల్ లీగ్ ఉంది. యూనివర్సిటీకి వచ్చేసరికి కుర్రాడు తయారై వస్తాడు. మెక్‌గిల్ ఒకప్పుడు ఆ పంటలో పెద్ద వాటా కోసుకునేది. ఇప్పుడు ఫ్రెంచ్ జట్లు తీసుకోగా మిగిలినవాళ్లలో, అదీ మెక్‌గిల్ మార్కుల గీత దాటగలిగినవాళ్లని వెతుక్కోవాలి.

కోచ్ గ్లెన్ కాన్‌స్టాంటిన్ 2001 నుంచి అలాగే ఉన్నాడు. అది కూడా లెక్కలో వేసుకోండి.

అనిత_కాల్గరీ:
సుధ గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. క్యూబెక్ లీగ్‌లో ఇప్పుడు అయిదు జట్లే (బిషప్స్ 2017లో అట్లాంటిక్ లీగ్‌కి వెళ్లిపోయింది). ఎనిమిది మ్యాచ్‌ల సీజన్. అంటే ప్రతి జట్టుతోనూ రెండేసి సార్లు. మెక్‌గిల్ ఏటా లావల్‌తో రెండుసార్లు, కారబాన్స్‌తో రెండుసార్లు ఆడి తీరాలి. సగం సీజన్ దేశంలోకెల్లా గట్టి జట్లతోనే గడిచిపోతుంది. కారబాన్స్ కూడా తక్కువ వాళ్లేం కాదు. 2014లో లావల్‌ని వాళ్ల సొంత మైదానంలోనే అదనపు సమయంలో 12-9తో ఓడించి, ఆ పైన వానియర్ కప్ కూడా 20-19తో పట్టుకుపోయారు. లావల్ అంతకుముందు వరసగా పదకొండేళ్లు క్యూబెక్ ఛాంపియన్. ఆ మ్యాచ్ గురించి సుధ గారు మాట్లాడరు, చూడండి.

సుధ_క్యూబెక్‌సిటీ:
మాట్లాడను 😐

శాస్త్రి_టొరంటో:
లీగుల మాట వచ్చింది కాబట్టి ఇంకో విచిత్రం. యేట్స్ కప్ అని ఉంది, 1898 నాటిది. ఉత్తర అమెరికాలో ఫుట్‌బాల్‌కి ఇప్పటికీ ఇస్తున్న ట్రోఫీల్లో అదే పాతది. ఇచ్చింది ఎవరో తెలుసా? మెక్‌గిల్‌కి చెందిన డాక్టర్ హెన్రీ యేట్స్. ఇప్పుడది ఒంటారియో యూనివర్సిటీల కప్పు. మెక్‌గిల్ 1969లో చివరిసారి గెలిచింది, ఆ తర్వాత లీగులు విడిపోయి క్యూబెక్ వైపు వచ్చేసింది. తమవాడు ఇచ్చిన కప్పు కోసం తాము ఆడటానికే లేదు.

ఓంగోలు_గిత్త:
మురళి బ్రో, నీకు మ్యాచ్ చూపిస్తానన్నవాడు స్టేడియం కథ చెప్పాడా? మౌంట్ రాయల్ కొండ వాలులో ఉంటుంది, 1915లో తెరిచారు. పర్సివల్ మోల్సన్ అని మెక్‌గిల్ పాత క్రీడాకారుడు, మోల్సన్ బీరు కంపెనీ కుటుంబం వాడే. పదహారేళ్లకే మాంట్రియల్ విక్టోరియాస్‌తో స్టాన్లీ కప్ హాకీ గెలిచాడు, 1904 ఒలింపిక్స్‌లో పరిగెత్తాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లి 1917 జూలైలో ఫ్రాన్స్‌లో చనిపోయాడు. వీలునామాలో స్టేడియం పూర్తి చేయడానికి 75,000 డాలర్లు రాసిపెట్టాడు. యుద్ధం అయ్యాక దానికి ఆయన పేరే పెట్టారు.

ఇంకో కామెడీ. ప్రొఫెషనల్ జట్టు అలూవెట్స్ పెద్ద ఒలింపిక్ స్టేడియంలో ఆడేది, సీట్లన్నీ ఖాళీ. 1997లో ప్లేఆఫ్ రోజునే అక్కడ యూ2 అనే రాక్ బ్యాండ్ కచేరీ పడింది. చేసేది లేక మ్యాచ్‌ని ఈ కాలేజీ మైదానానికి మార్చారు. టికెట్లన్నీ అయిపోయాయి! మరుసటి ఏడాది నుంచి అలూవెట్స్ మకాం ఇక్కడే. లీగ్‌లో ఎలా ఉన్నా, ఒక ప్రొఫెషనల్ జట్టుని నిలబెట్టిన మైదానం మెక్‌గిల్‌దే.

వేణు_వరంగల్:
అన్నీ మంచి విషయాలే చెబుతున్నారు. 2005 సంగతి ఎవరూ ఎత్తలేదు. కొత్తగా చేరిన ఆటగాళ్ల మీద సీనియర్లు చేసిన ర్యాగింగ్ బయటపడి, విచారణ జరిగి, ఆ సీజన్‌లో మిగిలిన మ్యాచ్‌లని మెక్‌గిల్ యాజమాన్యమే రద్దు చేసింది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది కాబట్టి మనకి ఈ మాట కొత్త కాదు. అక్కడ 'జట్టు కలిసిపోవడానికి చేసే సరదా' అని చాలాకాలం చూసీచూడనట్టు వదిలేశారు. చరిత్ర రాస్తే ఇది కూడా రాయాలి.

అనిత_కాల్గరీ:
రాయాల్సిందే. జట్టు పేరు సంగతి కూడా రాయాలి. దాదాపు తొంభై ఏళ్లు మెక్‌గిల్ పురుషుల జట్లని 'రెడ్‌మెన్' అనేవారు. మొదట్లో అది ఎర్ర జెర్సీల వల్ల వచ్చిందని యూనివర్సిటీ వాదన. కానీ తర్వాత తర్వాత మూలవాసుల తల బొమ్మని లోగోగా పెట్టుకున్నారు కదా, అప్పుడు ఆ వాదన ఎక్కడ నిలుస్తుంది? టోమస్ జిరుసెక్ అనే మూలవాసీ విద్యార్థి, అతను రోయింగ్ జట్టువాడు, ఉద్యమం మొదలుపెట్టాడు. 2018లో విద్యార్థుల ఓటింగ్‌లో 78 శాతానికి పైగా మార్చాలన్నారు. 2019 ఏప్రిల్‌లో పేరు తీసేశారు, 2020 నవంబర్ నుంచి 'రెడ్‌బర్డ్స్'. పాత ఆటగాళ్లలో కొందరికి ఇప్పటికీ కోపం. నా మట్టుకు నాకు, జెర్సీ వేసుకోవాల్సిన కుర్రాడే సిగ్గుపడే పేరు ఎంత పాతదైనా ఉంచుకోకూడదు.

డాక్టరమ్మ_విజయవాడ:
ఇన్ని పోస్టులైనా లోరాన్ డువెర్నే-టార్డిఫ్ పేరు రాలేదే! మా హాస్పిటల్లో జూనియర్లకి నేను చెప్పే కథ అది. మెక్‌గిల్‌లో మెడిసిన్ చదువుతూ ఆడాడు. 2013లో కెనడా యూనివర్సిటీల్లో ఉత్తమ లైన్‌మన్ (ముందు వరసలో ఎదుటివాళ్లతో తలపడే ఆటగాడు). 2014లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లోని కాన్సాస్ సిటీ చీఫ్స్ జట్టు, కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్ ఆరో రౌండ్‌లో తీసుకుంది. ఎన్ఎఫ్ఎల్‌లో ఆడుతూనే, సీజన్ లేని నెలల్లో వార్డుల్లో తిరిగి 2018లో ఎండీ పట్టా తీసుకున్నాడు. 2020 ఫిబ్రవరిలో ఆ లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచాడు. కొద్ది నెలలకి కోవిడ్. ఆ సీజన్ ఆడనని చెప్పిన మొదటి ఎన్ఎఫ్ఎల్ ఆటగాడు ఇతనే. కోట్ల జీతం వదులుకుని మాంట్రియల్ దగ్గర వృద్ధుల కేర్ హోమ్‌లో పనికి వెళ్లాడు.

మన ఇళ్లలో పిల్లాడు బైపీసీలో చేరితే బ్యాట్ అటక ఎక్కించేస్తాం. ఇతని సంగతి అమ్మానాన్నలకి చూపించండి.

సుధ_క్యూబెక్‌సిటీ:
డాక్టరమ్మ గారూ, ఇక్కడ నేను మెక్‌గిల్‌కి మార్కులు వేసేస్తాను. ఇతను ఫ్రెంచ్ కుర్రాడే, మాంట్రియల్ అవతల మోన్-సెంట్-ఇలేర్ వాడు. మా లావల్‌కి కూడా మెడికల్ కాలేజీ ఉంది. అయినా అటు వెళ్లాడు.

శాస్త్రి_టొరంటో:
అలాంటివాళ్లు వచ్చే చోటు కాబట్టే నేను మెక్‌గిల్‌ని కప్పులతో కొలవను. కెనడా యూనివర్సిటీల్లో క్రీడల స్కాలర్‌షిప్ ట్యూషన్, తప్పనిసరి ఫీజుల వరకే. అమెరికాలోలా హాస్టలూ భోజనమూ కలిపి ఇవ్వరు. కాబట్టి చదువు మీద ఆశ లేనివాడికి ఇక్కడ ఆడటానికి పెద్ద కారణం ఉండదు.

సుధ_క్యూబెక్‌సిటీ:
శాస్త్రి గారూ, ఆ నియమం లావల్‌కీ అదే. మా వాళ్లూ చదువుకుంటున్నారు, కప్పులూ తెస్తున్నారు 🙂

మాంట్రియల్_మురళి:
అందరికీ చాలా థ్యాంక్స్. ప్రశ్న అడిగినప్పుడు ఇంత వస్తుందనుకోలేదు. మ్యాచ్‌కి వెళ్లడం ఖాయం చేసుకున్నాను. ఏమైనా జాగ్రత్తలు?

అనిత_కాల్గరీ:
సీజన్ ఆగస్టు చివర మొదలై నవంబర్ మొదటికల్లా లీగ్ మ్యాచ్‌లు అయిపోతాయి. సెప్టెంబర్‌లో వెళితే హాయి. అక్టోబర్ చివర్లో అయితే గ్లోవ్స్, టోపీ ఉండాలి, కొండగాలి కోస్తుంది. పైన్ అవెన్యూ దాకా ఎత్తు ఎక్కాలి, నడవడానికి టైం పెట్టుకోండి.

సుధ_క్యూబెక్‌సిటీ:
లావల్ వచ్చే రోజు చూసి టికెట్ కొనండి మురళి గారూ. రెండు జట్ల రంగూ ఎరుపే. ఎర్ర చొక్కా వేసుకుని కూర్చుంటే ఎవరు గెలిచినా మీవాళ్లే అనుకుంటారు. ఎవరు గెలుస్తారో నేను ఇప్పుడే చెప్పను.